మా అవ్వ చేతి వణుకు

మా తాత తల ఎప్పుడూ "కాదు, కాదు" అన్నట్టు అడ్డంగా ఊగుతుండేది. నిద్రలో మాత్రమే ఆగేది.

రేగొండ దగ్గరి ఒక ఊళ్లో ఆయన గాజులు అమ్మేవాడు. గాజులను తాడుకు గుచ్చి కట్టిన మలారాన్ని భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. బేరం దగ్గర ఆ తల ఆయనకు బాగా పనికొచ్చేది. ఆడవాళ్లు ఒక ధర చెప్పేవాళ్లు. ఆయన మలారం విప్పుకుంటూ మాట్లాడకుండా కూర్చునేవాడు. తల ఊగేది. ఒప్పుకోవడం లేదనుకుని వాళ్లు ఇంకాస్త పెంచేవాళ్లు. తల మళ్లీ ఊగేది.

"నేనేమన్న అన్ననా బిడ్డా? నా తల అన్నది, దానితోనే మాట్లాడుకోండ్రి" అని నవ్వేవాడు.

ఆయన సంగతి తెలిసిన ముసలమ్మలు ఊరుకునేవాళ్లు కాదు. "ముందుగాల నీ తలను గట్టిగ పట్టుకో. అటెన్క బేరం చేద్దాం" అనేవాళ్లు.

సెలవుల్లో ఆ ఊరికి పోయినప్పుడు నేను ఇదంతా చూసేదాన్ని. సాయంత్రం గౌడన్న కల్లు లొట్టి దించి పోస్తే, తాత రెండు చేతులతో ముంత పట్టుకునేవాడు. అయినా సగం కల్లు గడ్డం మీదే కారేది. ఆ ముంత లోపలికి పోయిన కాసేపటికి తల ఊగడం నెమ్మదించేది. రెండో ముంతను ఒంటి చేత్తో, ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తేవాడు. నేను ఈ రెండూ చూశాను. కానీ ఒకదాన్ని ఇంకొకదానితో కలిపి చూడాలన్న ఆలోచన అప్పుడు రాలేదు.

మా అమ్మ ఆయన పెద్దబిడ్డ. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. పెళ్లి చేసుకుని జనగామకు వస్తూ తండ్రి దగ్గర నేర్చుకున్న పనిని వెంట తెచ్చుకుంది. రైలు గేటు పక్క గల్లీలో మా ఇల్లు. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన బియ్యం మిల్లులో తూకం దగ్గర ఉండేవాడు. అవ్వ ఇల్లిల్లూ తిరిగి గాజులు వేసేది.

గాజులు అమ్మడం వేరు, వేయడం వేరు. మట్టి గాజు ఎంత బిగువుగా ఉంటే అంత అందం. అది చెయ్యి దాటి మణికట్టుకు చేరాలంటే వేసే మనిషికి ఎదుటివాళ్ల ఎముకలు తెలియాలి. అవ్వ ముందు ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని, వేళ్ల మొదళ్లను మెత్తగా ఒత్తుతూ, వాళ్ల ఇంటి ముచ్చట ఏదో అడుగుతుండేది. వాళ్లు జవాబు చెప్పే లోపల బొటనవేలు లోపలికి మడిచి గాజును జార్చేసేది. వేయించుకున్నవాళ్లు లేచి ఆమెకు దండం పెట్టేవాళ్లు. ఎంత కలిగిన ఇంటి ఆడపడుచైనా ఆ ఒక్కసారి మా అవ్వ ముందు తల వంచేది. నాకు అది చూడడం చాలా ఇష్టం.

ఆ చేతులకు వణుకు నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచే ఉంది. ఒళ్లో పెట్టుకుంటే నిశ్చలంగా ఉండేవి. ఏదైనా అందుకోబోతే మొదలయ్యేది, అన్నం ఉడుకుతున్నప్పుడు గిన్నె మీద మూత అదిరినట్టు. నలుగురు చూస్తుంటే ఇంకాస్త ఎక్కువయ్యేది.

అవ్వ కల్లు తాగేది. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు. పుట్టింట్లో తండ్రి పక్కన కూర్చునే తాగేది. కానీ జనగామలో ఆమెను పెళ్లిళ్లకు, శ్రీమంతాలకు పిలిచేవి ఎక్కువగా సావుకార్ల ఇళ్లు. ఆ ఇళ్లలో ఉల్లిపాయ కోసినా పక్క గదికి తెలుస్తుంది. అందుకని పనికి పోయేముందు ఒక ముంత తాగి, నోరు పుక్కిలించి, లవంగం బుగ్గన పెట్టుకునేది. అయినా వాసన పట్టేవాళ్లు. "మంచి పనిమంతురాలు. తాగి తాగి చేతులు పాడు చేసుకున్నది" అనేవాళ్లు. బాపూ అదే అనేవాడు. నేనూ అదే నమ్మాను. కల్లు తాగే ఆడమనిషి, వణికే చేతులు. ఈ రెండిటి మధ్య దారి ఒకటే అని ఊరంతా అనుకుంది.

నేను పదో తరగతిలో ఉండగా 1969 వచ్చింది. తెలంగాణ ఉద్యమం. బడులు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి. మా గల్లీలోకి పొగ వచ్చి కళ్లు మండి, తడి గుడ్డలు కట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఒక పొద్దున కాలేజీ పిల్లలు గుంపుగా మా ఇంటికి వచ్చారు. సమ్మెలో చేరకుండా ఆఫీసుకు పోతున్న ఉద్యోగులకు గాజులు పంపి సిగ్గు తెప్పించాలని వాళ్ల ఆలోచన.

"అవ్వా, జర ఓ మలారం ఇయ్యి. జై తెలంగాణ!"

అవ్వ మలారం మీద చెయ్యి వేసి లేవలేదు. "గాజులేసుకున్నోళ్లకు సిగ్గుండదా బిడ్డా? మీకు పొద్దున అన్నం పెట్టి తోలిన చేతులకు ఏమున్నయి?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో ఒకడు ఆమె చేతుల వైపు చూసి, "అవ్వా, మమ్ముల జూసి భయపడుతున్నవా ఏంది, గట్ల వణుకుతున్నవు?" అన్నాడు.

"నా చేతులు భయపడుతున్నయి. నేను భయపడుతలేను" అంది.

వాళ్లు నవ్వుతూ వెళ్లిపోయారు. గాజులు ఇంకెక్కడ దొరికాయో నాకు తెలియదు.

బడి మళ్లీ తెరిచాక నేను పోలేదు. ఒక ఏడు పోయింది, ఇంట్లో పని పెరిగింది, అంతే. కానీ ఆ మూతపడ్డ నెలల్లోనే నాకు ఊళ్లోని గ్రంథాలయం అలవాటైంది. ఉద్యమం సద్దుమణిగినా నా అలవాటు పోలేదు. ఆడవాళ్ల బల్ల దగ్గర తరచుగా నేనొక్కదాన్నే ఉండేదాన్ని. మొదట కథలు, తర్వాత నవలలు, అవి అయిపోయాక చరిత్ర, ఆ తర్వాత ఎవరూ ముట్టని విజ్ఞాన శాస్త్రం బీరువా. కొన్ని పుస్తకాల పుటలు అతుక్కుని ఉండేవి. వాటిని మొదట విప్పింది నేనే. ఇంగ్లీషును నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. డిగ్రీ ఉందా అని ఎవరైనా అడిగితే లేదంటాను, చదువుకున్నావా అంటే చదువుకున్నాననే చెబుతాను.

గ్రంథపాలకుడు నన్ను ఆటపట్టించేవాడు. "ఏమ్మా, ఈ పుస్తకం మలారంల ఏ తాడుకు గుచ్చుతవు?"

"మీరు ముందు బీరువ తాళం తియ్యుండ్రి సార్, తాడు నేను చూసుకుంట" అనేదాన్ని.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. ఊళ్లో పెద్ద సావుకారి ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురికి మొదటి గాజు మా అవ్వే వేయాలి, అది ఆ ఇంటి ఆనవాయితీ. సావుకారమ్మ స్వయంగా కబురు చేసింది. ఆ కబురుతో పాటు ఇంకో మాటా వచ్చింది. ఆ రోజు వాసన రాకూడదు.

బాపు ఆ మాటకు చాలా సిగ్గుపడ్డాడు. నన్ను పిలిచి అవ్వ ముందు కూర్చోబెట్టాడు.

"బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. పెండ్లి అయ్యేదాక ముట్టనని."

అవ్వ నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ ఒట్టు ఆమె నిలబెట్టుకుంది. నేను సాక్షిని. గౌడన్న గుమ్మం ముందు ఆగితే, "ముందుకు పో అన్నా" అని పంపేసేది.

పెళ్లికి ముందు గాజుల రోజున ఆ ఇంటి పెద్దగదినిండా ఆడవాళ్లు. పెళ్లికూతురు పసుపు రాసుకుని పీట మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆకుపచ్చ గాజులు తుడిచి అందిస్తున్నాను. అవ్వ ఆ అమ్మాయి చేతిని ఒళ్లోకి తీసుకుని వేళ్లు ఒత్తడం మొదలుపెట్టింది. అక్కడి దాకా బాగానే ఉంది. గాజు పట్టుకోగానే ఆమె చెయ్యి నేనెన్నడూ చూడనంతగా ఊగింది. గాజు వేళ్ల కొసలకే తగిలి టకటకలాడింది. మొదటిది బొటనవేలి దగ్గర చిట్లింది. ఎవరో "శివ శివ" అన్నారు. రెండోదీ చిట్లింది, దాని అంచు గీసుకుని పసుపు మీద ఎర్రగా ఒక చుక్క లేచింది.



సావుకారమ్మ మా అవ్వ మొహంలోకి వంగింది. "ఏందే, ఇయ్యాల గింత ఎక్కువైందా? పెండ్లిపిల్ల నెత్తురు కండ్ల జూసినవు."

నేను ఆగలేకపోయాను. "లేదమ్మా, అవ్వ శానా దినాల సంది ముట్టుకోలే. నేను చూసిన."

"నువ్వు చెప్పుడెందుకు పిల్లా? చేతులే చెప్తున్నయి కద."

 అవ్వ పగిలిన ముక్కలు కొంగులో ఏరుకుంది. వెనక గల్లీలో ఉండే ముస్లిం గాజులామెను పిలిపించి మిగిలిన పని చేయించారు. ఆమె మంచి మనిషి, పని అయ్యాక మా ఇంటికి వచ్చి, "పరేషాన్ గాకు అక్కా, నాయీ పగులుతయి ఒక్కోపారి" అని చెప్పి పోయింది.

ఆ సాయంత్రం బాపు మిల్లు నుంచి వచ్చేసరికే ఆయనకు కబురు అందింది. అవ్వ దగ్గరికి వచ్చి వంగి ఆమె నోటి వాసన చూశాడు. వాసన ఏమీ లేదు. అయినా నమ్మాడో లేదో తెలియలేదు. పోయి బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అలా వంగి వాసన చూడడం అవ్వ ఎన్నటికీ మరిచిపోలేదు. సావుకారి ఇంట్లో పడిన మాటకంటే అదే ఆమెను ఎక్కువ బాధించింది.

ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లే ఆమెను పిలవడం మానేసింది. మలారం నేను మోయడం మొదలుపెట్టాను. నా చేతులకు ఏ చెడ్డపేరూ లేదు కాబట్టి నన్ను రానిచ్చారు. అవ్వ ఇంట్లో కూర్చుని గాజులు తాళ్లకు గుచ్చేది.

నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. తాగినన్నాళ్లూ పెళ్లికూతుళ్ల చేతుల మీద గాజు చిట్లలేదు. మానేసిన రోజున చిట్లింది. ఊరు చెప్పే లెక్క ప్రకారం ఇది తిరగబడి ఉండాలి కదా?

ఆ ప్రశ్న పట్టుకుని గ్రంథాలయంలో వెతకడం మొదలుపెట్టాను. తెలుగులో దొరికింది తక్కువ. చివరికి గ్రంథపాలకుడు లోపలి గదిలోంచి ఒక లావుపాటి ఇంగ్లీషు వైద్య గ్రంథం తీసి ఇచ్చాడు. అట్ట ఊడిపోయి ఉంది. "దీన్ని అడిగినవాళ్లు లేరు, నువ్వే తీసుకో" అన్నాడు. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పట్టేది. వణుకుల్లో రకాలున్నాయని తెలిసింది. చెయ్యి ఊరకే ఉన్నప్పుడు వచ్చే వణుకు ఒకటి. పని చేయబోతే వచ్చేది ఇంకొకటి. ఈ రెండోది కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుందట. కొందరికి తల కూడా ఊగుతుందట. ఆ కిందనే ఒక వాక్యం. కొంచెం మద్యం తాగితే కాసేపు తగ్గుతుంది.

నిఘంటువు మళ్లీ చూశాను. "తగ్గుతుంది" అనే ఉంది. నేను లేచి నిలబడ్డాను. అక్కడ పేపరు చదువుతున్న ఒక పెద్దాయన తల ఎత్తి చూశాడు. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆయనకు ఏమని చెప్పను? మా తాత ముంత, మా అవ్వ లవంగం ఒక పుస్తకంలో ఉన్నాయని చెప్పనా?

అక్కడితో ఆగలేదు. తరం నుంచి తరానికి ఎలా వస్తుందో తెలుసుకోవాలని జన్యువుల గురించి చదివాను. జన్యువంటే ఒక ప్రోటీన్‌ను ఎలా తయారుచేయాలో ఒంట్లో ప్రతి కణానికీ చెప్పే రాత. మెదడు కణాలు ఒకదానికొకటి సైగలు చేసుకుంటాయి. ఆ సైగలు పంపడానికి, అందుకోవడానికి, ఆపడానికి వేరువేరు ప్రోటీన్లుంటాయి. నాకు మా ఇంటి ముందున్న రైలు సిగ్నల్ గుర్తొచ్చింది. దాని చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే పోవాలి. ఆ చెయ్యి అడ్డంగానూ కాక కిందికీ కాక మధ్యలో అదురుతూ ఉంటే డ్రైవరు ఏం చేస్తాడు? బండిని కదిలించి ఆపుతాడు, మళ్లీ కదిలిస్తాడు. మా అవ్వ చెయ్యి చేసేది అదే. ఇది నా ఊహ, పుస్తకంలో లేదు.

అప్పటి పుస్తకాల్లో ఏ జన్యువు వల్లో రాయలేదు. ఎవరికీ తెలియదు. ఈమధ్య చదివినదాన్ని బట్టి, మెదడు కణాల పైపొరలో ఉండి నరం తీగ ఎదగాలా ఆగాలా అని సైగ చేసే ఒక ప్రోటీన్ ఉందట. దాన్ని తయారుచేసే జన్యువు మీద కొంత అనుమానం ఉందట. కొందరిలో సంబంధం కనిపించింది, కొందరిలో కనిపించలేదు. ఇంకా తేలలేదు. తేలలేదని ఒప్పుకునే పుస్తకాలంటే నాకు గౌరవం.

చదివినదాన్ని మనిషిలో చూడాలనుకున్నాను. అవ్వ తమ్ముడు, మా మామ, మహబూబాబాద్‌లో సైకిళ్లు బాగుచేసేవాడు. అక్కడికి పోయి ఆయన ఇంట్లో దిగాను. పొద్దున అత్త టీ గ్లాసు ఇస్తే ఆయన ముట్టుకోలేదు. గ్లాసును నేల మీదే ఉంచి, వంగి, మూతితో మొదటి గుక్క పీల్చాడు. తర్వాత సారా సీసా తీశాడు. కాసేపయ్యాక చక్రంలో సన్నని కమ్మీలు బిగించాడు. వేళ్లు కదలలేదు.

"మామా, ఇది తాగుడుతోని వచ్చింది కాదు. వణుకే ముందుగాల వచ్చింది. తాతకు ఉండె, అవ్వకు ఉన్నది, నీకు వచ్చింది. పుస్తకంల ఉన్నది" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "గా పుస్తకంల నా పేరు గూడ ఉన్నదా కోడలా? సైకిల్ షాపు అడ్రసు రాసిండ్రా?"

నవ్వాడే కానీ ఆయన కళ్లు పచ్చబడి ఉన్నాయి. కాళ్లు ఉబ్బాయి. అత్త బలవంతం మీద ఆయనను దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కాలేయం చెడిందన్నాడు. నేను ధైర్యం చేసి, ఇది కుటుంబంలో వచ్చే వణుకేమోనని అడిగాను.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"గ్రంథాలయంల చదివిన సార్."

ఆయన కుర్చీ జరుపుకుని మా తాత గురించి, అవ్వ గురించి అడిగాడు. మామతో నీళ్ల గ్లాసు పట్టించి చూశాడు. "నువ్వు చదివింది నిజమే" అన్నాడు. ఆ మాట నాకు పట్టా పుచ్చుకున్నట్టే అనిపించింది. తర్వాత ఆయన, "కానీ తాగుడు దీనికి మందని మాత్రం అనకు. ఈరోజు గ్లాసుతో ఆగే చెయ్యి రేపు సీసా అడుగుతుంది. మీ మామను చూస్తున్నావు కదా" అన్నాడు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగమని చెప్పాడు. "నీ చేతులు చాపు" అన్నాడు. చాపాను. రెండూ నిలకడగా ఉన్నాయి.

"ఇప్పటికి లేదు" అన్నాడు.

జనగామకు వచ్చే రైలులో నేను ఆ "ఇప్పటికి" గురించి ఆలోచించలేదు. అవ్వకు చెప్పబోయే మాట గురించే ఆలోచించాను. ఆమెకు పోయిన పేరును నేను తిరిగి తెస్తున్నాననుకున్నాను. మర్నాడే సావుకారమ్మ దగ్గరికి పోయి మొత్తం చెప్పాలని వాక్యాలు కూడా కూర్చుకున్నాను.

ఇంట్లో అవ్వ, బాపు ఇద్దరూ ఉన్నారు. అంతా చెప్పాను. బాపు తల దించుకున్నాడు.  అవ్వ అడిగింది.

"అంటే నా నాయిన నాకిచ్చిండు. నేను నీకిచ్చిన. గంతేనా?"

"నాకు రాలేదు అవ్వా. సగమే అవకాశం."

"వస్తే నేనిచ్చినట్టేగా?"

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"సావుకారమ్మకు చెప్తవా?" అంది.

"చెప్త. నువ్వు తాగి పోలేదని ఊరంతా తెల్వాలె."

"చెప్పినవంటే నేను ఊకోను." నేనంత గట్టి గొంతు ఎన్నడూ వినలేదు. "తాగుబోతు అంటే నన్నొక్కదాన్నే అంటరు. నెత్తురుల ఉన్నదంటే నిన్ను గూడ అంటరు. నీ చెయ్యి ఇంక వణకనే లేదు, ఇప్పటి సంది జూస్తనే ఉంటరు. ఏ ఇంట్ల పెండ్లిపిల్ల చెయ్యి నీ ఒళ్లె పెడ్తరు? నా పేరు పోతే పోనీ. నీ చేతులు ఉండనీ."

పుస్తకంలో ఇది లేదు. నేను తెచ్చింది మంచి కబురని పుస్తకం చెప్పింది. అవ్వకు అది తన తప్పును తీసేసే కబురు కాదు, తాను బిడ్డకు ఏం ఇచ్చిందో చెప్పే కబురు. కల్లు అయితే మానేయవచ్చు. నెత్తురును ఏం చేస్తాం? నేను మాట ఇచ్చాను. చెప్పలేదు.

బాపు ఒక పని చేశాడు. మర్నాడు గౌడన్న గుమ్మం ముందు ఆగినప్పుడు ఆయనే ముంత పట్టుకుపోయి పోయించుకొచ్చి అవ్వ ముందు పెట్టాడు. ఆమె దాన్ని చూసింది. "నీ ముక్కును అడుగు, తాగొచ్చునో లేదో" అంది. ఆ తర్వాత తాగింది. వాళ్లిద్దరి మధ్య రాజీ అలా జరిగింది.

ఏళ్లు గడిచాయి. మామ పోయాడు. నాకు ఊళ్లోనే పెళ్లయింది, ఒక కూతురు. మలారం మోయడం మానేసి స్టేషన్ రోడ్డులో చిన్న గాజుల కొట్టు పెట్టుకున్నాను. వెనక తెర కట్టాం. అవ్వ తెర లోపల కూర్చుని గాజులు గుచ్చేది, కొలతలు వేరుచేసేది. బయటికి వచ్చేది కాదు. పుస్తకాలు గల్లా పక్కన ఉండేవి, బేరం లేనప్పుడు చదువుకునేదాన్ని.

నాకు ముప్ఫై దాటిన కొన్నేళ్లకు, ఎనభైల్లో, ఒక పొద్దున టీ సాసరులో కప్పు చిన్నగా చప్పుడు చేసింది. కప్పు కింద పెట్టి చెయ్యి చాపి చూశాను. ఆ డాక్టరు చెప్పిన సగంలో నేను ఏ సగమో తెలిసింది. భయం వేసింది, నిజమే. దానితో పాటు చదివిన పాఠం కళ్లముందు జరుగుతున్నట్టు ఒక ఆసక్తి కూడా కలిగింది. అవ్వకు చెప్పలేదు. గాజులు వేసేటప్పుడు మోచేతులు మోకాళ్లకు ఆనించుకోవడం అలవాటు చేసుకున్నాను. పని సాగింది.

అప్పుడే సావుకారి ఇంట్లో చిన్నమ్మాయి పెళ్లి కుదిరింది. ఒకరోజు సావుకారమ్మ ఆ అమ్మాయిని తీసుకుని కొట్టుకే వచ్చింది, కొలత చూసుకోవడానికి. జుట్టు నెరిసింది కానీ గొంతు తగ్గలేదు. నేను ఆ అమ్మాయి చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను. ఆ ఇంటి మనిషి ఎదురుగా ఉండడం వల్లనేమో, గాజు పట్టుకోగానే చెయ్యి ఊగింది. గాజు ఆ అమ్మాయి గోళ్లకు తగిలి టకటకమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. సావుకారమ్మకూ తెలుసు.

ఆమె నా మొహం వైపు వంగింది. "నువ్వు గూడ మొదలువెట్టినవా? అవ్వ నేర్పిందా?"

తెర వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది.

ఇచ్చిన మాట నా చేతులను కాపాడడానికి. ఆ చేతులే బయటపడ్డాయి. ఇక ఆ మాట ఎవరిని కాపాడుతుంది?

"నేను ఎన్నడూ తాగలేదమ్మా. కావాల్నంటే వాసన చూడుండ్రి" అన్నాను. "మా తాతకు తల ఊగేది. మా మామకు చేతులు. మా అవ్వకు, ఇప్పుడు నాకు. ఇది పుట్టుకతోని ఒంట్ల ఉండే రాత. నరాల సైగ తప్పుతది. ఒక గుక్క తాగితే కాసేపు ఆగుతది, అందుకే మా అవ్వ తాగేది. మీ పెద్దమ్మాయి పెండ్లికి మాత్రం ఒట్టువెట్టుకుని ఒక్క చుక్క ముట్టలేదు. అందుకే ఆనాడు గాజు చిట్లింది."

 కూతురి చెయ్యి ఇంకా నా ఒళ్లోనే ఉంది. సావుకారమ్మ దాన్ని లాక్కోమని అంటుందేమోనని చూశాను.

"తాగకపోతెనా చిట్లింది?" అంది చివరికి.

"తాగకపోతెనే."

"ఓరి దేవుడా. వాసన రావొద్దన్నది నేనే కద." ఆమె బెంచీ మీద కూర్చుంది. "పెద్దదానికి ముగ్గురు పిల్లలు, సంసారం మంచిగున్నది. గాజు చిట్లిందని ఏడాదంత నిద్రలేకుంట మొక్కులు మొక్కిన. గీ ముచ్చట ఇన్నేండ్ల సంది చెప్పకపోతిరి?"

"మా అవ్వ చెప్పనియ్యలే."

"ఎక్కడున్నది మీ అవ్వ?"

తెర జరిగింది. అవ్వ బయటికి వచ్చి నిలబడింది. నా వైపు చూసింది, కోపంగానే. సావుకారమ్మ వైపు చూడలేదు.

"ఏమే, ఈ చిన్నదానికి మొదటి గాజు నువ్వే ఎయ్యాలె" అంది సావుకారమ్మ.

"నా చేతులు మీకు ఎరుకే కదమ్మా."

"ఎరుకే. గందుకనే చెప్తున్న. ఆ దినం ఒక గుక్క తాగే రా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు సావుకారమ్మ ఒక్క క్షణం ఉలిక్కిపడ్డట్టయింది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పొద్దుగాల పొద్దుగాల నీ నోట కల్లు మాట వచ్చింది సావుకారమ్మా. ఇంటికి పోయి తానం చెయ్యి" అంది మా అవ్వ.

గాజుల రోజున ఆ పెద్దగదిలోనే మళ్లీ కూర్చున్నాం. అవ్వ తాగే వచ్చింది. లవంగం పెట్టుకోలేదు. ఆ అమ్మాయి వేళ్లు ఒత్తుతూ, అత్తగారి ఊళ్లో నీళ్లు తీపా ఉప్పా అని అడిగింది. వయసు వల్ల వణుకు కొంచెం మిగిలే ఉంది. సావుకారమ్మ ఎవరూ చెప్పకుండానే ముందుకు వంగి మా అవ్వ మోచేతి కింద తన అరచెయ్యి ఆనించింది. "ఉప్పనే అంటున్నరు గాజులవ్వా" అని ఆ అమ్మాయి చెబుతుండగానే గాజు మణికట్టుకు జారింది. పెళ్లికూతురు లేచి మా అవ్వకు దండం పెట్టింది.

ఇంటికి నడుస్తున్నాం. రైలు గేటు పడి ఉంది. ఆగాం.

"చెప్పొద్దన్న కద" అంది అవ్వ.

"నా చేతులే చెప్పినయి అవ్వా."

"నీకెప్పటి సంది?"

"కొన్ని నెలల సంది."

ఆమె నా చెయ్యి పట్టుకుని చాపించి చూసింది. ఊరకే ఉన్న చెయ్యి కాదు, చాపిన చెయ్యి. అది అదిరింది. తన చెయ్యి పక్కన చాపింది. అదీ అదిరింది.

"ఇగ నిన్ను తాగుబోతని ఎవ్వలూ అనరు" అంది. "మీ అవ్వ ఇచ్చిందంటరు."

"అంటే అననీ. నాయిన ఇచ్చిండని నువ్వు ఎన్నడన్న తిట్టినవా?"

 "మా నాయినను ఎందుకు తిడ్త? బేరంల ఆయన తల ఊగితెనే మాకు బువ్వ దొరికింది" అంది.

గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. పెళ్లింటికి మోసుకెళ్లిన మలారాన్ని నేను భుజం మార్చుకోబోతే అవ్వ దాన్ని నా చేతిలోంచి తీసుకుని తన భుజాన వేసుకుంది.